పైపు మీద రెండో చప్పుడు

హుసేనప్పది జమ్మలమడుగు పక్కన ఒక పల్లె. దూదేకులవాళ్ళు. వాళ్ళ నాయన ఇల్లిల్లూ తిరిగి పరుపుల్లో దూది ఏకి పెట్టేవాడు. ఇంట్లో మాట తెలుగే, అదీ కడప తెలుగు. మస్కట్ దేశంలో, బహ్లాలో మా రూమ్‌కు వచ్చే హైదరాబాదు ముస్లిములు ఆయనతో ఉర్దూ మొదలుపెట్టి, రెండు మాటలు కాగానే జాలిపడి తెలుగులోకి దిగేవాళ్ళు.

"చాచా, మీ ఉర్దూ వింటే మా నానమ్మకు జ్వరమొస్తది" అని ఒకసారి ఎవరో అంటే, "అట్లయితే నా తెలుగు ఇనిపించు, తగ్గిపోతాది" అన్నాడు. అంతకు మించి తమాషా మాట ఆయన నోట నేను విన్నది తక్కువ.

మాది కోరుట్ల దిక్కు. తొంభై ఒకటిలో నేను పికప్ డ్రైవర్‌గా ఆ కంపెనీలో చేరేనాటికి హుసేనప్ప అక్కడ పాతకాపు. ఎడారిలో పోయే పైపులైన్లు గట్టిగా ఉన్నాయో లేదో చూసి చెప్పడం మా చిన్న కంపెనీ పని. చమురు బావుల్లోకి ఉప్పునీళ్ళు బలంగా తోసే పైపులవి. ఆ నీళ్ళు లోపలి నుంచి ఇనుమును తినేస్తాయి. బయట రంగు మాత్రం నిన్న వేసినట్టే ఉంటుంది. చూసి కనుక్కునే వీల్లేదు కాబట్టే మాలాంటివాళ్ళకు అక్కడ కూడు పుట్టింది.

పైపులు ఇసుక మీద చిన్న చిన్న దిమ్మెల మీద పోతాయి. కింద జానెడు సందు. పనంతా ఆ సందులో చేతులు పెట్టి చేసేదే. గీకాలన్నా, పట్టీ చుట్టాలన్నా, ఒకడు ఇవతల నుంచి అందిస్తే ఇంకొకడు కింద నుంచి అందుకోవాలి.

నేను రాకముందు, ఎనభై తొమ్మిదిలో, హుసేనప్పకు జోడీ లచ్చన్న అనే జగిత్యాల మనిషి. ఆ సందులో ఇసుక తోడుతుంటే పాము కరిచింది. ఇసుకలో ఒళ్ళంతా దాచుకొని కళ్ళు మాత్రం బయట పెట్టుకునే పింజర జాతి పాము. రోడ్డెక్కడానికే పూట పట్టే దారి. పికప్ వెనక భాగంలో లచ్చన్న తలను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడట హుసేనప్ప. "నీళ్ళు, నీళ్ళు అన్యాడు. ఇస్తే తాగల్యా" అని మాత్రం నాకు చెప్పాడు. ఆస్పత్రి ఇంకా కనబడక ముందే ప్రాణం పోయింది.

అప్పటి నుంచి హుసేనప్ప చేతిలోంచి పానా దిగలేదు. ఎవరైనా పైపు కింద చెయ్యి పెట్టే ముందు ఆయన వచ్చి పానాతో పైపు మీద కొట్టేవాడు. ఠంగుమని ఆ చప్పుడు ఇనుము పట్టుకొని దూరందాకా పోయేది. కాసేపు ఆగి, వంగి చూసి, "పెట్టు అబ్బీ" అనేవాడు. ఆ మాట వస్తేనే చెయ్యి లోపలికి పోవాలి. ఎవరూ రాయకపోయినా మా గ్యాంగులో అదొక చట్టం. ఇంజనీర్లు మారారు, సూపర్‌వైజర్లు మారారు, ఆ చప్పుడు మారలేదు.

లచ్చన్న తర్వాత జోడీగా వచ్చినవాడు నర్సింగ్. నిర్మల్ పక్కవాడు, నలభై దాటినవాడు, పొడుగు చేతులు. రంగు గీకడం, కింద నుంచి పట్టీ అందుకోవడం వాడి పని. నోరు మాత్రం ఊరుకోదు.

"పాముల ఇంటి తలుపు కొడుతున్నడు మా హుసేన్ భాయ్" అనేవాడు. "లోపలెవరన్న ఉంటె జెర చెప్పుర్రి, మేం మల్ల వస్తం."

"నగురా, నగు" అనేవాడు హుసేనప్ప. "నీ సేయి నీకే ఉంటే నగొచ్చు."

ఒక వేసవిలో నిజంగానే కొట్టగానే ఒకటి బయటికి వచ్చింది. అడ్డంగా జరుగుతూ, ఇసుక మీద నిచ్చెన మెట్లలాంటి గీతలు వేసుకుంటూ మా ముందు నుంచే పోయింది. నర్సింగ్ ఆ రోజంతా మాట్లాడలేదు. ఆ తర్వాత వాడు చప్పుడు లేకుండా చెయ్యి పెట్టిన రోజు లేదు. నవ్వడం మాత్రం మానలేదు.

తొంభై ఎనిమిదిలో కొత్త మిషన్ వచ్చింది. దాని వెంట సుఫియాన్ వచ్చాడు. హైదరాబాదు కుర్రవాడే, ఇంజనీరింగ్ చదివి, బయట దేశంలో ఆ మిషన్ శిక్షణ తీసుకొని వచ్చినవాడు. మంచివాడు. మాతోపాటే కింద కూర్చొని తినేవాడు, ఎవరినీ పేరు పెట్టి కసిరినవాడు కాదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి కథల్లో తప్పు ఇంజనీరు మీదికి తేలిగ్గా తోసేస్తారు. ఇక్కడ ఆయన చెప్పిందంతా నిజమే.

పాత పద్ధతిలో పైపును అడుగడుగునా తడిమి చూడాలి. కొత్తదానికి ఒకచోట కూర్చుంటే చాలు. పైపు చుట్టూ పలచటి నికెల్ రేకు అంటించాలి. జిగురు ఆరాక దాని పొడుగునా అయస్కాంతంతో ఒకే వైపు రుద్దాలి. పైన వైరు కాయిల్ చుట్టాలి. కాయిల్‌లోకి కరెంటు కొడితే రేకులోని అయస్కాంతం కదిలి రేకు వెంట్రుకలో వెయ్యోవంతు సాగి ముడుచుకుంటుంది. రేకు అంటుకొని ఉన్న పైపు కూడా దానితో పాటే కదులుతుంది. ఆ కదలిక అలలా ఇనుములో ఉరుకుతుంది. ఎక్కడ గోడ పలచబడిందో అక్కడ నుంచి కొంత అల వెనక్కి వస్తుంది. వచ్చి రేకును మళ్ళీ కదిలిస్తే రేకులోని అయస్కాంతం చలిస్తుంది, దాన్ని కాయిల్ పట్టుకుంటుంది. వ్యాన్‌లో పెట్టిన మిషన్ తెర మీద గీత చిన్న గుడిగోపురంలా లేస్తుంది. అయస్కాంతం రేకును సాగదీస్తే, సాగిన రేకు అయస్కాంతాన్ని కదుపుతుందన్నమాట.

సుఫియాన్ ఇదంతా ఇసుకలో గీసి చెప్పాడు. నర్సింగ్ తల గోక్కున్నాడు. హుసేనప్ప మాత్రం చాలాసేపు ఆ గీతలనే చూసి, "మా నాయన ఏకుడు బద్ద మాదిరి" అన్నాడు.

"అదేంది చాచా?"

"దూది ఏకే విల్లు ఉంటాది. దాని తంతిని చెక్కగుండుతో ఈడ కొడతాం. కొట్టినకాడ ఏం జరగదు. ఆ అదురు పోయి దూది ఉన్నకాడ పని సేస్తాది. దూదిలో గింజ ఉంటే సేతికి తెలుస్తాది, తంతి ఎనక్కి సెప్తాది."

సుఫియాన్ నవ్వి, "ఇంక నేను చెప్పేదేముంది" అన్నాడు. ఆ వారమంతా ఇద్దరూ ఒక ప్లేటులో తిన్నారు.

గొడవ చప్పుడు దగ్గర వచ్చింది. రేకు అంటించే ముందు కొట్టుకుంటే ఏం పోదు. కానీ జిగురు ఆరడానికి టైం పడుతుంది. అప్పటిదాకా అందరం పికప్ నీడకు పోతాం. ఎండ ముదిరే కొద్దీ పైపు కింద నీడలోకి ఏదైనా వచ్చి చేరొచ్చు. అయస్కాంతం రుద్దడం పైనుంచీ పక్కనుంచీ పొడుగు కర్ర పిడితో అవుతుంది, కాయిల్ చుట్టడానికి మాత్రం మళ్ళీ చెయ్యి కిందకు పోవాల్సిందే. అందుకని హుసేనప్ప రెండోసారి కూడా కొట్టేవాడు. ఒకరోజు సుఫియాన్ ఆ చప్పుడు విని వ్యాన్‌లోంచి దిగి వచ్చాడు.

"చాచా, ఈ రెండోది వద్దు. రుద్దిన అయస్కాంతం దెబ్బకు చెదిరిపోతుంది. అల పలచబడుతుంది. పైపులో పుండు ఉన్నా నాకు కనబడదు."

"ఇనుములోకి పోయిన అయస్కాంతం యాడికి పోతాదయ్యా? నీళ్ళా ఒలికిపోవడానికి?"

"పోతది చాచా. కర్రతో ఇసుక కెలకండి, టార్చి వేసి చూడండి. పైపును మాత్రం కొట్టొద్దు."

హుసేనప్ప కర్ర తెచ్చాడు, టార్చి తెచ్చాడు. కొన్ని నెలలు అలాగే నడిచింది. నర్సింగ్ చెయ్యి పెట్టే ముందు గొణిగేవాడు, హుసేనప్ప బోర్లా పడుకొని సందంతా వెలుగు వేసి చూసి, "పెట్టు అబ్బీ" అనేవాడు. ఆ మాటలో పాత బలం లేదని నర్సింగే నాతో అన్నాడు.

ఒక రోజు గాలి లేచింది. అద్దాలెత్తుకొని నేను పికప్‌లోనే ఉన్నాను. కాబట్టి ఏం జరిగిందో చూడలేదు. తర్వాత హుసేనప్ప చెప్పిందే రాస్తున్నాను.

జిగురు ఆరాక ఇద్దరూ పైపు దగ్గరికి పోయారు. రేకును అయస్కాంతంతో రుద్దేశారు. కాయిల్ తీసుకొని నర్సింగ్ కూర్చోబోయి ఆగిపోయాడు. ఇసుక మీద నిచ్చెన మెట్ల గీతలు. పైపు కిందకు పోయాయి. రెండో పక్కకు పోయి చూస్తే బయటికి వచ్చిన జాడ లేదు. ఇసుక దుమారంలో టార్చి వెలుతురు పనికిరాలేదు. గాలికి గుట్టపడ్డ ఇసుక సందును సగం మూసేసింది, కర్ర లోపలికి సరిగా పోలేదు.

"నేను పెట్ట భాయ్" అన్నాడు నర్సింగ్.

"అబ్బీ, నేను పెడతా. నువ్వు ఇవతల నుంచి అందియ్యి."

"నీ చేతులు అందయ్. పొట్టి చేతులు. మోచెయ్యి దాకా దూరిస్తవు, ముఖం కూడా ఆడ్నే పెట్టాల్సొస్తది." అని ఆ గీతల వైపు మళ్ళీ చూసి, "కొట్టు భాయ్. ఒక్కసారి. సుఫియాన్ సాబుకు గాలిలో ఇనబడదు" అన్నాడు.

హుసేనప్ప వ్యాన్ వైపు చూశాడు. పానా జేబులోనే ఉంది. రేకు మీద కొట్టలేదు, దానికి కొంచెం అవతల, మెల్లగా కొట్టాడు. కాసేపు ఆగారు. ఏదీ బయటికి రాలేదు. ఇంకోసారి కొట్టాడు, ఈసారి గట్టిగా. అప్పుడూ ఏదీ రాలేదు. నర్సింగ్ కళ్ళు మూసుకొని చెయ్యి పెట్టాడు, కాయిల్ అందుకున్నాడు, తీశాడు. ఏమీ కాలేదు.

వ్యాన్‌లోంచి సుఫియాన్ కేకేశాడు. "చాచా, ఈ చోట బలం తక్కువగా ఉంది. అయస్కాంతం రుద్దినారా?"

"రుద్దినాం" అన్నాడు హుసేనప్ప.

అది అబద్ధం కాదు. చెప్పవలసిన ఇంకొక మాట చెప్పలేదు, అంతే. చెప్తే ఏం కావాలి? కాయిల్ విప్పి, మళ్ళీ రుద్ది, మళ్ళీ చుట్టాలి. ఇంకొక ఘడియ పని. కానీ విప్పడానికి ఒకసారి, చుట్టడానికి ఒకసారి, నర్సింగ్ చెయ్యి మళ్ళీ ఆ సందులోకి పోవాలి. జాడ లోపలికి పోయింది, బయటికి రాలేదు. "ఇంగోసారి పెట్టమని నా నోటితో యట్లనేది గంగారామన్నా" అన్నాడు నాతో. తిట్లకు భయపడి కాదు. లచ్చన్న తల మోసిన మనిషి ఆయన.

సుఫియాన్ మిషన్ చెవి పెంచాడు. చెవి పెంచితే అలతో పాటు రొద కూడా పెరుగుతుంది, తెరంతా గడ్డి మొలిచినట్టు అవుతుంది. ఆ గడ్డిలోంచి పైపు అతుకులు మాత్రం పొడుగ్గా కనబడ్డాయి. వేరే ఏదీ దానికంటే పైకి లేవలేదు. ఆ ముక్క బాగుందని రాసేశాడు.

చలికాలం వచ్చాక పని తగ్గి నర్సింగ్‌ను దిమ్మెలు సరిచేసే గ్యాంగులో వేశారు. పరీక్షలో బాగుందన్న పైపు కాబట్టి నీళ్ళు నడుస్తుండగానే పని చేయించారు. ఒక పొద్దున ఆ ముక్కే పక్కకు చీలింది. పెద్ద చీలిక కూడా కాదు, అరచెయ్యంత. నీళ్ళు వాడిని ఎత్తి అవతలి దిమ్మె మీద వేశాయి. నడుము విరిగింది.

కబురు మా రూమ్‌కు వచ్చినప్పుడు హుసేనప్ప బియ్యం కడుగుతున్నాడు. ఏ చోట అని మాత్రం అడిగాడు. చోటు చెప్పారు. బియ్యం కడగడం ఆపలేదు. నీళ్ళు తెల్లగా పోయి, తేటగా అయి, ఇంకా కడుగుతూనే ఉంటే నేను గిన్నె తీసుకున్నాను. అప్పుడు చెప్పాడు ఆ రోజు సంగతంతా.

"ఊకుండు భాయ్, ఎవరికి తెలుసు" అన్నాను.

"నాకు తెలవాల" అన్నాడు.

మరుసటి రోజే సుఫియాన్ దగ్గరికి పోయి చెప్పేశాడు. సుఫియాన్ చేతిలో పని పక్కన పెట్టి, "చాచా, ఆ పుండు ఎంతుండెనో ఇప్పుడెవరు చెప్తారు. మీరు కొట్టకపోయినా నాకు కనబడేదని నేను ఒట్టేయలేను. బలం తగ్గినప్పుడు నేనూ దిగి చూడాల్సింది" అన్నాడు.

"ఒట్టొద్దు. సూపీ."

"ఏం చూపించేది?"

"కొట్టకముందు ఎట్లుంటాది, కొట్టినంక ఎట్లుంటాది. సూపీ."

సుఫియాన్ వద్దన్నాడు. నేనూ వద్దన్నాను. ఆయన వినలేదు. యార్డులో ఒక పాత పైపు ఉంది, అందులో నేర్పడానికని లోపల గీకి పలచన చేసిన చోటొకటి ఉంది. హుసేనప్పే రేకు అంటించాడు, ఆరేదాకా పక్కనే నిలబడ్డాడు, అయస్కాంతం రుద్దాడు. వ్యాన్‌లోకి ఆయన ఎక్కడం నేను చూడడం అదే మొదలు. తెర మీద అతుకు పెద్దగా లేచింది. దానికి ఇవతల, పలచటి చోట, ఇంకొకటి. చిన్నదే, కానీ స్పష్టంగా, గడ్డి పైన తల ఎత్తుకొని నిలబడింది.

"అదేనా?"

"అదే చాచా."

హుసేనప్ప దిగిపోయి, పానా తీసి, ఆ రోజు కొట్టినట్టే కొట్టాడు. ఒకటి మెల్లగా, ఒకటి గట్టిగా. మళ్ళీ ఎక్కాడు. సుఫియాన్ మీట నొక్కాడు. అతుకు సగానికి దిగింది. చిన్నది గడ్డిలో మునిగిపోయింది. ఎక్కడ ఉండెనో తెలిసినవాళ్ళం కాబట్టి అక్కడే చూశాం. అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు.

హుసేనప్ప తెరను చేత్తో ముట్టుకున్నాడు. వేడిగా ఉందేమో, వెంటనే తీసేశాడు. "తంతి తెంపినా" అని, దిగి వెళ్ళిపోయాడు. పానా యార్డులో పైపు మీదే ఉండిపోయింది. తర్వాత నేను తీసి పికప్‌లో పెట్టాను.

నర్సింగ్‌కు ఈ మాట చెప్పాలన్నదే ఇక ఆయన పట్టు. మస్కట్ ఆస్పత్రికి రెండుసార్లు నా బండిలోనే వచ్చాడు. మొదటిసారి నర్సింగ్ మందు మత్తులో ఉన్నాడు. రెండోసారి వాణ్ని ఇంటికి పంపుతున్న రోజు. నడుము చుట్టూ పట్టీలు కట్టి పడుకోబెట్టారు. కాళ్ళు ఉన్నాయి, వాటి మాట మాత్రం వాడికి తెలియడం లేదు.

హుసేనప్ప నిలబడే చెప్పాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. రెండు చప్పుళ్ళూ, సుఫియాన్ అడగడం, తాను రుద్దినాం అనడం, యార్డులో తెర, అన్నీ చెప్పాడు. నర్సింగ్ పైకప్పు చూస్తూ విన్నాడు.

"నేనే కొట్టుమంటి గద" అన్నాడు చివరికి.

"నువ్వంటే నేను కొట్టాల్నా? తెలిసినోణ్ని నేను గదా."

నర్సింగ్ తల ఇటు తిప్పి, "ఒక్కటి చెప్పు భాయ్. పాము ఉండెనా?" అన్నాడు.

"తెల్దబ్బీ."

"నేను జాడ సూసిన."

"జాడ నేనూ సూసినా."

"బయటికి పోయిన జాడ లేదు గద."

"గాలి కదా ఆ పొద్దు. మాసిపోయిందేమో. పోయిండొచ్చు."

నర్సింగ్ ముఖం మారింది. చెప్పినదంతా విని మారని ముఖం అప్పుడు మారింది. "ఉండే" అన్నాడు. "లోపల్నే ఉండే. నువ్వు కొడితె కదలకుంట పడుకున్నది. ఉండెనని చెప్పు."

హుసేనప్ప నా వైపు చూశాడు. ఆయన చూసింది సాక్ష్యం కోసం కాదు, నన్ను ఏం చెయ్యమంటావన్నట్టు.

"ఉండె" అన్నాడు హుసేనప్ప.

"ఆఁ" అని నర్సింగ్ కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి పాత గొంతు తెచ్చుకొని, "ఇంట్ల ఉండి కూడా తలుపు తియ్యలే, దొంగముండ" అన్నాడు. మేము నవ్వాలని అన్నాడు. నేను నవ్వాను కూడా. స్ట్రెచర్ వచ్చింది.

ఆ తర్వాత నర్సింగ్ సంగతి మాకు ముక్కలు ముక్కలుగా తెలిసేది. నిర్మల్‌లో ఇంటి ముందు మంచం మీద ఉంటాడనీ, వచ్చేపోయేవాళ్ళను ఆటపట్టిస్తాడనీ, నడవలేదనీ.

హుసేనప్పను కంపెనీ తీసెయ్యలేదు. సుఫియాన్ తప్పు తన మీద వేసుకొని పైకి చెప్పాడని విన్నాను. హుసేనప్ప పోయి అడిగితే "ఖలాస్ చాచా, పని చూసుకోండి" అన్నాడట. కానీ పైపు కింద చెయ్యి పెట్టే మనిషి ముందు నిలబడి "పెట్టు అబ్బీ" అనడం ఆయన వల్ల కాలేదు. కొత్తవాడు కూర్చొని ఆ మాట కోసం చూస్తుంటే, ఈయన నోరు తెరిచి నిలబడి ఉండడం నేను చూశాను. చివరికి ఆ కొత్తవాడే ఖుదాకు వదిలేసి చెయ్యి పెట్టాడు.

ఆ ఏడు తిరక్కుండానే మస్కట్ పక్కన మబేలాలో ఒక పరుపుల షాపులో కుదిరాడు. అక్కడ దూది లేదు, అంతా స్పాంజి. విల్లు లేదు, కోసే మిషన్ ఉంది. వాళ్ళ నాయన వృత్తికి తిరిగి వచ్చినట్టు కనిపిస్తుంది గానీ, ఆ పనిలో చేతికి వెనక్కి చెప్పే తంతి ఏదీ లేదు. అదే బాగుంది అనేవాడు.

నేను కూడా కంపెనీ మారి మబేలాకే నీళ్ళ ట్యాంకర్ తోలడానికి వచ్చాను. శుక్రవారాలు నమాజు అయ్యాక నా రూమ్‌కు వచ్చేవాడు. వచ్చినట్టు మొదట్లో నాకు తెలిసేది కాదు. ఒకసారి అన్నం తిని చెయ్యి కడుక్కోవడానికి బయటికి వస్తే, ఎండలో గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది.

"ఎంతసేపయింది భాయ్? తలుపు కొట్టకపోయినవా?"

"పర్వాల్యా. నువ్వే వస్తావు గదా అని."

ఇంకోసారీ అంతే. రూమ్‌లో మలయాళీ ఒకడు నవ్వాడు, ఈయనకు చెయ్యి లేదా అని.

అప్పటి నుంచి శుక్రవారం వంట మొదలుపెట్టే ముందే తలుపు తెరిచి, కొట్టుకోకుండా కింద ఒక చెప్పు అడ్డం పెట్టేవాణ్ని. ఏసీ చల్లదనమంతా పోతోందని రూమ్‌వాళ్ళు గులిగేవాళ్ళు. ఆయన వచ్చి గడప దగ్గర ఆగి, లోపల ఎవరున్నారో ఒకసారి చూసి, చెప్పులు విడిచి, మెల్లగా వచ్చి కూర్చునేవాడు.